ఎడమ కనుబొమ్మ

పద్మనాభం పెడనలో నలభై ఎనిమిదేళ్లు అద్దకం అచ్చులు చెక్కాడు. టేకు దిమ్మ మీద పువ్వో, హంసో, మామిడి పిందో గీసుకుని, చుట్టూ ఉన్న చెక్కంతా ఉలితో తీసేసి గీత ఒక్కటీ నిలబెట్టడం ఆయన పని. ఆ అచ్చుని రంగులో ఒత్తి గుడ్డ మీద అద్దేవాళ్లు వేరే. ఒక్క అచ్చు కొన్ని వందల చీరలకి వచ్చేది. పాతబడితే మళ్లీ ఆయన దగ్గరికే తెచ్చేవాళ్లు. మొద్దుబారిన ఆకుని సన్నం చేసి, విరిగిన రేకుని తీసేసి తిరిగి ఇచ్చేవాడు. అప్పటికే అద్దిన చీరలు ఎలా ఉన్నవి అలాగే ఉండేవి. ఉండక ఏం చేస్తాయి. ఇక్కడ అచ్చు మారిస్తే అక్కడ బీరువాలో చీర మారదు గదా.

ఇంత వివరంగా చెప్పడం ఎందుకంటే, ఐర్లండులో లూకన్ అనే చోట కూతురి ఇంట్లో ఆయన చేసిన తప్పు ఈ నమ్మకంతో చేసిందే.

కూతురు నవీన డబ్లిన్‌లో బొమ్మల కంపెనీలో పనిచేస్తుంది. టీవీలో పిల్లలు చూసే కార్టూన్లు కదిలిస్తారే, ఆ పని. అల్లుడు నిఖిల్ లీక్స్‌లిప్‌లో కంప్యూటరు చిప్పులు తయారుచేసే ఫ్యాక్టరీలో ఇంజనీరు. వాళ్లని చూద్దామని పద్మనాభం, భార్య నాగరత్నం మూడు నెలలకి టికెట్లు తీసుకుని రెండువేల ఇరవై ఫిబ్రవరిలో వచ్చారు. మార్చిలో కరోనా వచ్చిపడింది. విమానాలు ఆగిపోయాయి. మూడు నెలలు ఆరయ్యాయి, ఆరు పదయ్యాయి.

నవీన ఆఫీసు ఇంటికే వచ్చేసింది. వంటింట్లో తినే బల్లకి ఒక పక్క కంప్యూటరు, దాని ముందు నల్లటి పలక, పలక మీద గీయడానికి పెన్ను. ఆఫీసు పని అయ్యాక సాయంత్రాలు సొంతానికి ఒక బొమ్మ మొదలుపెట్టింది. అయిదు నిమిషాల సినిమా. అందులో ఉండేది ఒక్క మనిషే, నాగరత్నం. వంట చేస్తూ, చీర మడత పెడుతూ, కబుర్లు చెబుతూ ఉండే నాగరత్నం.

"అమ్మా, ఇటు తిరుగు. కాదు, మెల్లిగా. నువ్వు బస్సెక్కేదానిలా తిరుగుతున్నావు."

"నా మొహం నాకే బోరు కొడుతుంది, నీకు కొట్టదా ఏం?"

"నవ్వకు. నవ్వితే నోరు మళ్లీ గీయాలి."

"సరేలే. ఆ పప్పు డబ్బా ఎక్కడ పెట్టావు?"

"ప్రెస్‌లో."

"ఇక్కడివాళ్లలాగా అల్మారాని ప్రెస్ అంటావు. ఇంకో ఏడాదుంటే నన్నేమంటావో."

పద్మనాభం వింటూ కూర్చునేవాడు. ఆయన మాట్లాడడం తక్కువ. చిన్నప్పుడు మూడో తరగతితో బడి మానేసి ఉలి పట్టుకున్న మనిషి, ఉలి పట్టుకున్నవాడు మాట్లాడితే చెయ్యి తప్పుతుందని గురువు నేర్పాడు. పని మానేసినా ఆ అలవాటు పోలేదు. "మీ నాన్నకి మాట్లాడమంటే పన్ను పీకినట్టు," అనేది నాగరత్నం.

అయినా బొమ్మల పని ఆయనకి నచ్చింది. ఒకరోజు నవీన పెన్ను ఆయన చేతికిచ్చి, ఏదైనా గియ్యి నాన్నా అంది. ఆయన మామిడి పింది గీశాడు. నవీన దాన్ని పట్టుకుని ఏదో నొక్కింది.

"చూడు, దీన్ని సింబల్ చేశాను. అంటే నీ అచ్చులాంటిదే. లైబ్రరీలో, అంటే అచ్చులు దాచే చోట పడింది. ఇప్పుడు ఎన్ని కావాలంటే అన్ని."

లాగి లాగి అయిదు పిందెలు పెట్టింది. ఒకదాన్ని వంచింది. ఒకదాన్ని చిన్నది చేసింది. ఒకదాని రంగు పలచన చేసింది.

"మిగతావి అలాగే ఉన్నాయి చూశావా?"

"ఉంటాయి గదా," అన్నాడు పద్మనాభం.

రెండో పాఠం ఇంకొకటుందని ఆ పూట ఆమె చెప్పలేదు. ఆయన అడగలేదు. అడిగే మనిషి కాదు.

నాగరత్నం ముఖాన్ని కూడా నవీన అలాగే ముక్కలుగా చేసి పెట్టుకుంది. ముఖం ఒకటి. దానిలోపల కళ్లు, పెదాలు, కనుబొమ్మలు దేనికది. కనుబొమ్మ పైకి లేస్తేనే ముఖానికి ప్రాణం వస్తుందని ఆమె అనేది. తల్లి ఎడమ కనుబొమ్మ మధ్యలో తెగి ఉంటుంది. అక్కడ వెంట్రుక మొలవదు. దాన్ని ఉన్నదున్నట్టు గీసింది.

ఆ నవంబరులో ఒక ఆదివారం మధ్యాహ్నం నవీన అంది, "అమ్మా, ఆ కోడి కథ చేసి చూపించు. సినిమాలో పెడతాను."

"ఏ కోడి?"

"నీ కనుబొమ్మ కోడి."

నాగరత్నం ఒకసారి పద్మనాభం వైపు చూసింది. ఆయన వెల్లుల్లి వొలుస్తున్నాడు.

"వానాకాలం," అని మొదలుపెట్టింది నాగరత్నం. నీళ్లగిన్నె ఒకటి చంకలో పెట్టుకుని వంటింటి గుమ్మంలోంచి నడిచి వచ్చింది. "బిందె నిండా నీళ్లు. కుళాయి గట్టంతా పాచి. జానకమ్మ గారి కోడి ఒకటుండేది, ఒంటికన్నుది. దానికి నేనంటే ఎందుకో పడదు. సరిగ్గా గట్టు మీద కాలు పెట్టానా, ఎదురొచ్చింది. దాన్ని తప్పించబోయి నేను..."

నిఖిల్ వ్యాయామం చేసుకునే చాప మీద, అరవై నాలుగేళ్ల మనిషి, నిజంగానే కూలబడి పక్కకి ఒరిగింది. లేస్తూ నవ్వింది. నవీన పలక మీద పెన్ను పరుగెత్తిస్తూ నవ్వింది.

"రక్తం బాగా పోయిందా?"

"మీ నాన్ననడుగు, కట్టు కట్టింది ఆయనే."

"ఊ," అన్నాడు పద్మనాభం.

కోడి లేదు. జానకమ్మ గారని పక్కింట్లో ఒకావిడ ఉండేది గానీ ఆవిడ కోళ్లు పెంచలేదు. పెళ్లయిన రెండో ఏడు, ఇరవై రోజులు కూర్చుని చెక్కిన పెద్ద అచ్చుని నూనెలో నానబెట్టి తీసి గోడకి ఆనించాడు. అది అక్కడ అడ్డంగా ఉందని నాగరత్నం తీసి పొయ్యి పక్కన పెట్టింది. తొందరగా ఆరుతుందనుకుంది. వేడికి నిలువునా పగిలింది. మర్నాడు ఇవ్వాల్సిన అచ్చు. ఆయన దాన్ని రెండు చేతులా ఎత్తి విసిరాడు. గోడకే విసిరానని తర్వాత ఎన్నోసార్లు తనకి తను చెప్పుకున్నాడు. అది గోడకి తగల్లేదు.

ఆ సాయంత్రం ఇరుగుపొరుగు వచ్చి అడిగితే నాగరత్నం జారిపడ్డానంది. కోడి తర్వాత ఎప్పుడో వచ్చి చేరింది. ఆయన మళ్లీ ఎన్నడూ చెయ్యెత్తలేదు. ఆ సంగతి ఇద్దరి మధ్యా మళ్లీ ఎన్నడూ రాలేదు. తప్పయిందని చెప్పాలని మొదటి వారం అనుకున్నాడు, మొదటి నెల అనుకున్నాడు, పిల్ల పుట్టినప్పుడు అనుకున్నాడు. నలభై మూడేళ్లు గడిచిపోయాయి.

జనవరిలో నాగరత్నానికి జ్వరం వచ్చింది. అయిదో రోజుకి ఊపిరందక అంబులెన్సు పిలిచారు. వెంట ఎవర్నీ రానివ్వలేదు. ఆస్పత్రిలోకీ ఎవర్నీ రానివ్వలేదు. తొమ్మిదో రోజు ఒక నర్సు దయతలచి టాబ్లెట్‌లో చూపించింది. ముక్కూ నోరూ ఆక్సిజన్ మాస్కు కింద ఉన్నాయి. నుదుటి మీద జుట్టు పడి ఉంది. ఆ రెంటికీ మధ్య మనిషిలో కనిపిస్తున్నదల్లా కళ్లూ, ఆ తెగిన కనుబొమ్మా.

నవీన ఏడుస్తూ ఏవేవో చెప్పింది. నిఖిల్ ధైర్యం చెప్పాడు. తర్వాత ఫోను పద్మనాభం చేతికిచ్చారు. చెప్పాల్సింది ఆయన గొంతులోకి వచ్చింది.

"తిన్నావా?" అన్నాడు.

మాస్కులో ఉన్న మనిషి ఏం తింటుంది. నాగరత్నం ఆ కనుబొమ్మ పైకెత్తింది. నవ్విందో, వింటున్నానందో. నర్సు "షీ ఈజ్ గ్రాండ్" అంది. ఆ దేశంలో ఆ మాట బాగుందనడానికీ అంటారు, ఊరుకోబెట్టడానికీ అంటారు. మర్నాడు పొద్దున్న ఫోనొచ్చింది.

దహనానికి పదిమందికి మించి రాకూడదన్నారు. వాళ్లకి అక్కడ పదిమంది లేరు. అయిదుగురు వెళ్లారు.

మార్చి వచ్చేవరకు నవీన ఆ సినిమా తెరవలేదు. తెరిచాక ఇంక వదల్లేదు. ముఖం పని అంతా అయిపోయింది, వెనకాల గోడలూ కిటికీలూ మిగిలాయి అంది. ఆఫీసు పని చేసుకుంటూ, మధ్యలో ఒక కిటికీ గీసుకుంటూ, అలా. తల్లి ఉన్న బొమ్మలు దాటేసి పోయేది, ఇంకా చూడలేకపోయేది.

ఒక గురువారం మధ్యాహ్నం ఆమె సరుకులకి వెళ్లింది. ఇంటి నుంచి అయిదు కిలోమీటర్లు దాటకూడదన్న రోజులవి, వెళ్తే గంటలో వచ్చేస్తుంది. కంప్యూటరు తెరిచే ఉంది. పద్మనాభం టీ కప్పు పెట్టడానికి వచ్చి నిలబడిపోయాడు. తెర మీద సినిమా ఆఖరి బొమ్మ ఉంది. నాగరత్నం ముఖం తెర నిండా, నేరుగా తనవంకే చూస్తోంది.

కూర్చున్నాడు. చాలాసేపు చూశాడు. ఎక్కడ చూడబోయినా చూపు ఎడమ కనుబొమ్మ మీదికే పోతోంది. ఈ ఒక్క బొమ్మలో బాగు చేద్దామనిపించింది. మిగతావాటిల్లో ఉన్నది ఉండనీ. ఆఖరున మాత్రం, తను బంటుమిల్లి నుంచి పెళ్లి చేసుకుని తెచ్చుకున్ననాటి ముఖంతో పోనీ.

పెన్ను తీసుకుని ముఖం మీద రెండుసార్లు తట్టాడు, నవీన తడుతుంటే చూసినట్టు. కనుబొమ్మ మీద మళ్లీ రెండుసార్లు తట్టాడు. చుట్టూ ఉన్నదంతా మసకబారి కనుబొమ్మ ఒక్కటీ నిలిచింది. సరే, కంప్యూటరు ఈ ఒక్కదాన్నే చేతికిచ్చింది అనుకున్నాడు. తెగిన చోట వెంట్రుక తర్వాత వెంట్రుక గీశాడు. పదో పన్నెండో గీతలు. చెయ్యి వణకలేదు. పని తెలిసిన చెయ్యి, అతుకు ఎక్కడుందో ఎవరికీ తెలియదు. పక్కన ఖాళీలో తడితే ముఖం మొత్తం తిరిగి వచ్చింది. దాచడానికి నవీన కలిపి నొక్కే రెండు మీటలు ఆయనకి తెలుసు. అవి నొక్కాడు.

లేచి వెళ్లి సింకులో గిన్నెలన్నీ కడిగాడు. జనవరి తర్వాత గుండె కాస్త తేలికపడడం అదే మొదటిసారి.

శుక్రవారం నవీన, ప్రతి శుక్రవారంలాగే, సినిమా మొత్తాన్ని హార్డ్ డిస్కులోకి కాపీ చేసింది. పాతదాని మీదే కొత్తది. సోమవారం సాయంత్రం కిటికీలన్నీ అయిపోయి, గుండె రాయి చేసుకుని మొదటినుంచీ వేసి చూసింది.

"నిఖిల్, దీన్ని నువ్వేమైనా ముట్టుకున్నావా?"

"నేనా? నీ పెన్ను పక్కన టీ పెడితేనే కేకలేస్తావు. నాకెందుకు తల్లీ."

"అమ్మ మొహం ఏదో తేడాగా ఉంది."

నిఖిల్ వచ్చి చూశాడు. "బానే ఉంది గదా."

"బానే ఉంది. అదే తేడా." సీను తర్వాత సీను తెరిచింది. వంట దగ్గర, చీర మడత దగ్గర, కోడి దగ్గర. "ప్రతి చోటా ఇలాగే ఉంది. ఎవరో పక్కింటావిడలా ఉంది."

వేరే గదిలో ఉన్న పద్మనాభానికి ప్రతి చోటా అన్న మాట వినిపించింది. లేచి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"కనుబొమ్మ," అంది నవీన అప్పటికే. "గంటు లేదు." గబగబా హార్డ్ డిస్కు పెట్టి చూసింది. అందులోనూ లేదు. ఇంకో పాత కాపీ జూన్‌లోది దొరికింది. అందులో ముఖం ఇంకా గుండ్రటి గీతే, కళ్లు కూడా లేవు.

"నేను మార్చాను," అన్నాడు పద్మనాభం. "ఒక్కదాంట్లోనే మార్చాను. ఆఖరిదాంట్లో."

నవీన వెనక్కి తిరిగింది. "ఒక్కచోట వంచినా, చిన్నది చేసినా ఆ ఒక్కటే మారుతుంది నాన్నా. కానీ తట్టి లోపలికి వెళ్లి గీతని ముట్టుకుంటే అచ్చునే మార్చినట్టు. అన్నీ మారిపోతాయి."

"అద్దేసినవి కూడానా?"

"అద్దేసినవి కూడా."

ఆయన కుర్చీ పట్టుకున్నాడు. నలభై ఎనిమిదేళ్లలో అలాంటి అచ్చు ఆయన వినలేదు.

"ఎందుకు మార్చావు?"

అడిగితే చెప్పే మనిషి కాదని తెలుసు గనక నవీన ఫోను తీసుకుంది. "సరే. మళ్లీ గీస్తాను. ఫొటో చూసి గీస్తే సరిపోతుంది."

ఫొటోలు వెతికింది. వందలున్నాయి. పెళ్లిళ్లవీ, పుట్టినరోజులవీ, ఈ ఇంటి పెరట్లోవీ. అన్నిటిలోనూ నాగరత్నం కాస్త కుడివైపు చూపించి నిలబడి ఉంది. లేదంటే పక్కపాపిడి జుట్టు ఎడమ కంటి మీదికి దిగి ఉంది. నవీన ఒక్కో ఫొటోనీ పెద్దది చేసి చూస్తూ పోయింది. ఒక్కదాంట్లోనూ గంటు కనపడలేదు.

"ఇదేంటి, అమ్మ ప్రతిసారీ ఇలాగే నిలబడిందా? నేను చూడనే లేదు." ఇంకో ఫొటో పెద్దది చేసింది. "నా ఎదురుగా కూర్చున్నప్పుడే ఇటు తిరిగింది. నా కోసం. ఇప్పుడు ఎక్కడుందో ఎంతుందో నాకే గుర్తు రావట్లేదు. ఎలా మర్చిపోయాను నేను."

పద్మనాభం అప్పుడు మాట్లాడాడు. "ముక్కు వైపు నుంచి మూడింట రెండు వంతులు పోయాక ఉంటుంది. బియ్యపు గింజ వెడల్పు. నిలువుగా ఉండదు, పైనుంచి ముక్కువైపుకి వాలుతుంది. పైన వెడల్పు, కింద సన్నం. కింది అంచున ఒకటే వెంట్రుక అడ్డంగా మొలుస్తుంది."

నవీన, నిఖిల్ ఇద్దరూ ఆయన్ని చూశారు. ఒక్క ఊపిరిలో అన్ని మాటలు ఆయన నోట ఎప్పుడూ వినలేదు.

"నీకింత ఎలా తెలుసు? ఎదురుగా కూర్చుని గీసినదాన్ని నాకే తెలియదు."

"కోడి లేదమ్మా," అన్నాడు.

నిఖిల్ చెత్తబుట్ట సంచి ముడివేసుకుని పెరట్లోకి వెళ్లి తలుపు దగ్గరికి లాగాడు.

పద్మనాభం చెప్పాడు. అచ్చు గురించి, పొయ్యి గురించి, గోడ గురించి. గోడకే విసిరానన్న మాట ఈసారి చెప్పలేదు. మొత్తం చెప్పడానికి నాలుగు నిమిషాలు కూడా పట్టలేదు.

నవీన మూలన చుట్టిపెట్టి ఉన్న నిఖిల్ చాప వంక చూసింది.

"ఆ చాప మీద పడి చూపించింది," అంది. "నువ్వు అక్కడే కూర్చున్నావు."

"ఊ."

"నేను నవ్వాను నాన్నా."

ఆయన తల వంచుకున్నాడు.

"అమ్మకి ఎప్పుడైనా చెప్పావా? తప్పయిందని."

"లేదు."

"ఆ రోజు టాబ్‌లో?"

"చెబుదామనే అనుకున్నాను."

"తిన్నావా అన్నావు."

"అదే వచ్చింది."

నవీన మొహం చేతుల్లో పెట్టుకుంది. ఆయన ఆమె భుజం మీద చెయ్యి వెయ్యబోయాడు. వెయ్యకుండా వెనక్కి తీసుకున్నాడు. పెరట్లో నిఖిల్ డబ్బా మూత వేసిన చప్పుడయింది. అతను లోపలికి రాలేదు.

కొంతసేపటికి నవీన లేచి మొహం కడుక్కుని వచ్చింది. కుర్చీ పక్కకి జరిపింది.

"నువ్వే వెయ్యి."

"నా వల్ల కాదమ్మా."

"నాకు తెలియదు ఎక్కడుందో. నీకే తెలుసు."

"ఆ కోడి సీను తీసేస్తావా?"

"ఎందుకు తియ్యాలి? అమ్మ నాకు అదే చెప్పింది. అంతలా పడి చూపించింది. అది అలాగే ఉంటుంది." పెన్ను ఆయన ముందు పెట్టింది. "గంటు కూడా ఉంటుంది."

పద్మనాభం కూర్చున్నాడు. ముఖం మీద రెండుసార్లు తట్టాడు, కనుబొమ్మ మీద రెండుసార్లు. చుట్టూ మసకబారింది. తను నాలుగు రోజుల కింద గీసిన వెంట్రుకలు నల్లగా, నిండుగా ఉన్నాయి. వాటిని చెరిపే పనిముట్టు ఏదో నవీన చూపించింది. ఈసారి మొదటి గీత పక్కకి పోయింది.

"వెనక్కి తీసుకోవచ్చు," అంది నవీన. ఆ మీట నొక్కింది. చెదిరిన గీత పోయి కనుబొమ్మ మళ్లీ నిండుగా వచ్చింది.

ఆయన ఆ మీట వంక చూశాడు. ఇంకోసారి మొదలుపెట్టాడు. పైనుంచి కిందికి, ముక్కువైపుకి వాలుగా, బియ్యపు గింజంత. అడ్డం వెంట్రుకని చివర గీశాడు. ఉలి పట్టుకున్నప్పటిలాగా ఊపిరి బిగబట్టి ఉన్నాడు. గీత నీళ్లల్లో కనబడుతోంది, కళ్లు తుడుచుకోవడానికి రెండుసార్లు ఆగాడు.

"ఇంతేనా?" అంది నవీన.

"ఇంతే."

"అయితే దాచు. నువ్వే నొక్కు."

నొక్కాడు. ఆ సినిమాలో నాగరత్నం ముఖం డెబ్బై రెండు చోట్ల ఉంది. ఆనాడు ఒక్క దెబ్బకి ఒక్కచోట తెగింది. ఇప్పుడు డెబ్బై రెండు చోట్లా ఒకేసారి తెగింది. నవీన మొదటి సీను నుంచి ఒక్కొక్కటే తెరిచి చూస్తూ పోయింది. పద్మనాభం పక్కన కూర్చుని ప్రతిదీ చూశాడు. ఒక్కదాని దగ్గరా తల తిప్పుకోలేదు.

ఆఖరి బొమ్మ దగ్గర నవీన ఆగింది.

"ఇప్పుడు మా అమ్మే," అంది. ఆయన వైపు మాత్రం చూడలేదు.